మన కోసం మరొకరి ప్రార్థన

సాయంకాలం నమాజు ముగిసే వేళకు మసీదు వాకిట్లో కొందరు తల్లులు నిలబడి ఉండడం మీలో చాలామంది చూసే ఉంటారు. చంకలో పసిబిడ్డ, చేతిలో నీళ్ల చెంబు. వాళ్లలో నుదుట బొట్టు పెట్టుకున్నవారే ఎక్కువమంది. బిడ్డకు జ్వరం తగ్గడం లేదనో, రాత్రిళ్లు ఉలిక్కిపడి ఏడుస్తున్నాడనో వచ్చి ఉంటారు. నమాజు చేసి బయటికి వచ్చేవారు ఒక్కొక్కరే ఆగి, పెదవుల మధ్య ఏవో మాటలు చదివి, బిడ్డ ముఖం మీద మెల్లగా ఊదుతారు. చెంబులోని నీళ్ల మీద కూడా ఊదుతారు. బిడ్డది ఏ కులమని గానీ, ఏ మతమని గానీ అడగరు. తల్లి ఇంటికి వెళ్లి ఆ నీళ్లు బిడ్డకు తాగించి, తన దేవుడి ముందు దీపం పెట్టుకుంటుంది. తెల్లవారిన తరువాత ఆసుపత్రికీ తీసుకువెళుతుంది. తమిళనాడు, కర్ణాటకలలోని పట్టణాల్లోనూ, మన తెలుగు పట్టణాల్లోనూ ఇది చాలాకాలంగా ఉన్న అలవాటు.

ఆ తల్లికి అరబ్బీ భాష రాదు. వారు చదివిన మాటలకు అర్థం ఏమిటో ఆమెకు తెలియదు. తన దేవుణ్ణి విడిచిపెట్టానని కూడా ఆమె అనుకోదు. బిడ్డ బాగుండాలని మంచి మనసుతో ఎవరు కోరినా అది బిడ్డకు మేలే చేస్తుందని ఆమె నమ్మకం. ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ప్రార్థన కావాలని అడిగింది ఆమే.

తమిళనాడులో నాగపట్నం దగ్గర నాగూరు అనే ఊరు ఉంది. అక్కడ షాహుల్ హమీద్ అనే సూఫీ మహాత్ముని దర్గా ఉంది. 16వ శతాబ్దంలో తంజావూరును పాలించిన తెలుగు నాయక రాజు అచ్యుతప్ప నాయకుడు అంతుపట్టని జబ్బుతో మంచం పట్టాడనీ, ఆ సమయంలో షాహుల్ హమీద్ అక్కడికి వచ్చాడనీ చెబుతారు. రాజభవనంలో ఎక్కడో ఒంటినిండా సూదులు గుచ్చిన పావురం ఉందని ఆయన కనిపెట్టి, ఆ సూదులన్నీ తీసివేయించాడట. రాజు కోలుకుని, కృతజ్ఞతతో ఆయనకు భూమి ఇచ్చాడట. ఇది చరిత్ర కాదు, జనం చెప్పుకునే కథ. కానీ దర్గాలో ఉన్న అయిదు మినారులలో అన్నిటికన్నా ఎత్తయినది, 131 అడుగులది, తరువాతి కాలంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడు కట్టించినది. హిందూ రాజు కట్టించిన ఆ మినారును నేటికీ చూడవచ్చు.

ఇంతవరకు చెప్పుకున్నది మనం వెళ్లి అడిగే ప్రార్థన. అడగకుండానే మన దగ్గరికి వచ్చే ప్రార్థన సంగతి వేరు.

ఆసుపత్రిలో పెద్ద వార్డును ఊహించుకోండి. సాయంత్రం చూడవచ్చే వేళ ఇద్దరు ముగ్గురు బైబిలు పట్టుకుని మంచం మంచానికీ వస్తారు. "అమ్మా, మీ కోసం ప్రార్థన చేస్తాం" అంటారు. ఒకావిడ వెంటనే చేతులు జోడిస్తుంది. పక్క మంచం మీద ఉన్నావిడ గోడవైపు తిరిగి పడుకుంటుంది. మూడో ఆవిడకు ఇష్టం లేదు, కానీ నోరు విప్పి కాదనలేక కళ్లు మూసుకుంటుంది. వాళ్లు వెళ్లిపోయిన తరువాత కొడుకుతో, "నన్ను అడగకుండా తలమీద చెయ్యి పెట్టారేమిరా?" అని నొచ్చుకుంటుంది. ఈ ముగ్గురిలో తప్పు చేసినవారు ఎవరూ లేరు.

ఇదే మరొక విధంగానూ జరుగుతుంది. పక్కింటి పిన్నిగారు గుడికి వెళ్లి, జబ్బుపడిన మేరీ టీచరు పేరున అర్చన చేయించి, ప్రసాదం తెచ్చి ఇస్తుంది. టీచరు తన విశ్వాసం ప్రకారం ప్రసాదం తినకూడదు. "మీరు నన్ను తలుచుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది పిన్నిగారూ. ప్రసాదం మాత్రం తీసుకోలేను, ఏమీ అనుకోకండి" అంటుంది. పిన్నిగారికి ఆ క్షణంలో కొంచెం చిన్నతనంగా అనిపించవచ్చు. అయినా టీచరు నిజం చెప్పింది. ప్రసాదం పుచ్చుకుని, ఆమె వెళ్లిన తరువాత చాటుగా పారేసి ఉంటే అది పిన్నిగారిని మరింత అవమానించడమయ్యేదని నేననుకుంటాను.

తన కోసం ఎవరో ప్రార్థిస్తున్నారని తెలిస్తే రోగికి ధైర్యం కలుగుతుందని మనం సాధారణంగా అనుకుంటాం. అమెరికాలో కొందరు వైద్యులు దీన్ని పరీక్షించి చూశారు. వారి ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఆరు ఆసుపత్రుల్లో గుండెకు బైపాస్ ఆపరేషను చేయించుకున్న 1802 మందిని మూడు జట్లుగా విడదీశారు. మొదటి జట్టుకు "మీ కోసం ప్రార్థన జరగవచ్చు, జరగకపోవచ్చు" అని చెప్పి, ప్రార్థన జరిపించారు. రెండో జట్టుకూ అదే మాట చెప్పి, ప్రార్థన జరిపించలేదు. మూడో జట్టుకు "మీ కోసం తప్పకుండా ప్రార్థన జరుగుతుంది" అని చెప్పి, జరిపించారు. ప్రార్థించినవారు మూడు క్రైస్తవ బృందాలకు చెందినవారు. రోగులు ఎవరో వారికి ముఖపరిచయం కూడా లేదు.

మొదటి జట్టులో నూటికి 52 మందికి, రెండో జట్టులో నూటికి 51 మందికి ఆపరేషను తరువాత ఏదో ఒక చిక్కు వచ్చింది. ప్రార్థన జరుగుతోందని తెలిసిన మూడో జట్టులో నూటికి 59 మందికి వచ్చింది! దీనికి కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. అది కాకతాళీయం కూడా కావచ్చు. "నా కోసం ప్రార్థనా బృందాలనే పిలిపించారంటే నా జబ్బు అంత ముదిరిపోయిందా?" అని రోగి బెంగపడి ఉండవచ్చునని పరిశోధకుల్లో ఒకరు అన్నారు. ఈ పరీక్షతో దేవుడు ఉన్నాడనో లేడనో తేలదు. కానీ మంచం మీద ఉన్న మనిషి మనసులో ఏం జరుగుతుందో బయటివారు ముందుగా చెప్పలేరని మాత్రం తెలుస్తుంది. మంచి మాటే అయినా అది వినేవారికి మంచిగానే వినిపిస్తుందన్న నమ్మకం లేదు.

మరొక మతం వారు తన కోసం ప్రార్థిస్తుంటే ఆ మధ్యలో కూర్చుని, ఆ అనుభవాన్ని దాచుకోకుండా రాసినవారు గాంధీజీ. ఆయన ఆత్మకథలో ఆ భాగం చిన్నదే అయినా శ్రద్ధగా చదవదగినది.

1893లో దాదా అబ్దుల్లా అనే వర్తకుని దావా పనిమీద గాంధీజీ దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరానికి వెళ్లారు. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు. ఆ దావాలో న్యాయవాది అయిన బేకర్ మతప్రచారం కూడా చేసేవారు. సొంత ఖర్చుతో ఒక చర్చి కట్టించారు. ఆయన, ఆయన మిత్రులు కొందరు రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు కలుసుకుని, మోకాళ్లమీద కూర్చుని ప్రార్థించేవారు. పాటలు, వాయిద్యాలు ఉండేవి కావు. అంతా అయిదు నిమిషాల్లో ముగిసేది. బేకర్ ఆహ్వానించగా గాంధీజీ వెళ్లారు. అందరితోపాటు తానూ మోకాళ్లమీద కూర్చున్నారు. ఆ రోజు నుంచి వాళ్ల ప్రార్థనలో ఒక కోరిక కొత్తగా చేరింది. తమ మధ్యకు వచ్చిన ఈ కొత్త సోదరునికి దారి చూపమనీ, తమకు దొరికిన శాంతిని అతనికీ ఇవ్వమనీ, తమను రక్షించిన క్రీస్తు అతనినీ రక్షించాలనీ వాళ్లు వేడుకునేవారు.

ఆ ప్రార్థనలో రెండు కోరికలు కలిసి ఉన్నాయి చూడండి. అతను బాగుండాలనేది ఒకటి. అతను తమవాడు కావాలనేది రెండోది. పరాయి ఊళ్లో ఒంటరిగా ఉన్న యువకునికి మొదటి కోరిక ఎంత చల్లగా తోచి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. రెండోదాన్ని ఆయన ఎలా తీసుకున్నారు?

ఆ మిత్రుల్లో కోట్స్ అనే యువకుడు గాంధీజీకి బాగా దగ్గరయ్యాడు. వ్యాహ్యాళికి తీసుకువెళ్లేవాడు, పుస్తకాలు ఇచ్చేవాడు. గాంధీజీ వాటిని శ్రద్ధగా చదివేవారు. ఒకనాడు గాంధీజీ మెడలోని తులసి పూసల కంఠి కోట్స్ కంటపడింది. అది మూఢనమ్మకమనీ, చదువుకున్నవాడికి తగదనీ, తానే తెంపేస్తాననీ అన్నాడు. గాంధీజీ ఒప్పుకోలేదు. ఆ పూసల్లో ఏ మహిమ ఉందో ఆయనకు తెలియదు. లేకపోతే కీడు జరుగుతుందని కూడా ఆయన అనుకోవడం లేదు. కానీ తన మేలు కోరి తల్లి ప్రేమతో వేసిన దాన్ని సరైన కారణం లేకుండా తీయలేనన్నారు. కాలక్రమాన అది అరిగి తనంత తానే తెగిపోతే కొత్తది వేసుకోనని కూడా చెప్పారు. ఆలోచిస్తే ఆ కంఠి కూడా ఒక ప్రార్థనే. తల్లి ప్రార్థనను ఆయన మెడలో ఉంచుకున్నారు, మిత్రుల ప్రార్థన మధ్య మోకాళ్లమీద కూర్చున్నారు.

ఆ తరువాత బేకర్ ఆయనను వెల్లింగ్టన్‌లో జరిగే క్రైస్తవుల మహాసభకు తీసుకువెళ్లారు. ఆ కాలంలో తెల్లవారు నల్లవారిని, భారతీయులను తమ పక్కన కూర్చోనిచ్చేవారు కారు. దారిలో ఒక హోటలు మేనేజరు ఎంతో వాదన జరిగాక గాంధీజీకి గది ఇచ్చాడు కానీ, భోజనశాలలోకి మాత్రం రానివ్వలేదు. బేకర్ అంత తేలికగా లొంగే మనిషి కాదు, తన అతిథి పక్షాన వాదించారు. తన వల్ల ఆయన పడుతున్న ఇబ్బందిని గాంధీజీ గమనించారు. నన్నడిగితే, బేకర్ చేసిన అసలైన ప్రార్థన ఆ వాదనే.

సభ మూడు రోజులు జరిగింది. అక్కడ ఎందరో తన కోసం ప్రార్థిస్తున్నారని గాంధీజీకి తెలిసింది. వారి భక్తి ఆయనకు నచ్చింది. కొన్ని పాటలు ఎంతో మధురంగా ఉన్నాయని రాశారు. అయినా తన మతం మార్చుకోవడానికి తగిన కారణం ఆయనకు కనిపించలేదు. ఆ మాట మిత్రులకు దాచకుండా చెప్పారు. వాళ్లు బాధపడ్డారు. వాళ్లు కోరిన దారిని పట్టకపోయినా, తనలో ధర్మజిజ్ఞాసను మేల్కొల్పినందుకు వాళ్లకు ఎప్పటికీ ఋణపడి ఉన్నానని ఆయన చాలా ఏళ్ల తరువాత రాసుకున్నారు.

ఈ అనుభవం ఆయన మనసులో నిలిచిపోయినట్లుంది. 1928లో సబర్మతి ఆశ్రమంలో వివిధ మతాల మిత్రులు సమావేశమైనప్పుడు ఇతరుల కోసం ఎలా ప్రార్థించాలన్న ప్రసక్తి వచ్చింది. నాకిచ్చిన వెలుగునే అతనికీ ఇమ్మని అడగడం సరికాదనీ, అతను ఎదగడానికి అతనికి ఏ వెలుగు అవసరమో దాన్ని ఇమ్మని అడగాలనీ గాంధీజీ భావం. ప్రిటోరియాలో విన్న రెండు కోరికలలో ఒకదాన్ని ఉంచి, మరొకదాన్ని ఆయన తీసివేశారు. దీన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు. తాను నమ్మిన సత్యాన్ని ప్రేమించేవానికి కూడా కోరుకోకుండా ఎలా ఉండగలను అని వారు అడుగుతారు. ఆ ప్రశ్న కూడా నిజాయితీ గలదే.

1924లో హిందూ ముస్లిముల ఐక్యత కోసం గాంధీజీ ఢిల్లీలో 21 రోజులు ఉపవాసం చేశారు. దాన్ని మౌలానా మహమ్మద్ అలీ ఇంట్లో ప్రారంభించారు. అక్టోబరు 8న ఉపవాసం విరమించే ముందు ఆయన మంచం చుట్టూ చేరినవారిలో ఇమామ్ సాహెబ్ ఖురాను చదివారు, ఆండ్రూస్ క్రైస్తవ గీతం పాడారు, వినోబా ఉపనిషత్తు చదివారు. ఆ తరువాత డాక్టర్ అన్సారీ చేతి నుంచి ఆయన నారింజ రసం తీసుకున్నారు. ప్రిటోరియాలో ప్రార్థన ఒక్క దిక్కునుంచే వచ్చింది. ఇక్కడ మూడు దిక్కుల నుంచి వచ్చింది.

వినేవారి అనుమతి విషయంలో కూడా ఆయన పట్టుదలగా ఉండేవారు. 1947 ఏప్రిల్‌లో ఢిల్లీలోని వాల్మీకి మందిరం ఆవరణలో జరిగే సాయంకాల ప్రార్థనలో ఖురాను చదవడానికి ఒకరు అభ్యంతరం చెప్పారు. మిగిలిన జనం అతన్ని బయటికి పంపివేయాలని చూశారు. గాంధీజీ అందుకు ఒప్పుకోలేదు. ఖురాను భాగాన్ని వదిలివేసి మిగిలినది జరపడానికీ ఒప్పుకోలేదు. ఆనాటికి ప్రార్థన మొత్తాన్నే ఆపివేశారు.

మరి దేవుడే లేడనేవారికి శుభం కోరడం ఎలా? ఈ ప్రశ్న ఒక తెలుగువాని వల్ల గాంధీజీ ముందుకు వచ్చింది. నాస్తికుడిగా పేరుపడిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1902లో ఒడిశాలోని గంజాం జిల్లా ఛత్రపురంలో జన్మించారు. అస్పృశ్యతను రూపుమాపడానికి కృషి చేస్తూ, సేవాగ్రామంలో గాంధీజీతో ఎన్నోసార్లు చర్చించారు. తన కుమార్తెను హరిజన యువకునికి ఇచ్చి పెళ్లి చేయాలని ఆయన నిశ్చయించుకున్నప్పుడు, ఆ పెళ్లి ఆశ్రమంలో జరిపిస్తానని గాంధీజీ అన్నారు. ఆశ్రమంలో జరిగే పెళ్లిళ్లలో ప్రమాణం దేవుని పేరున చేయించేవారు. గోరా కుటుంబానికి అది పనికిరాదు. రోజూ ప్రార్థన చేయకుండా ఉండలేని గాంధీజీ, ఆ ప్రమాణంలో దేవుని పేరుకు బదులుగా సత్యం పేరు పెట్టడానికి సమ్మతించారు. 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యారు. ఆ పెళ్లి అదే ఏడాది మార్చిలో సేవాగ్రామంలోనే జరిగింది.