తెరమీద మాస్టారు లావెక్కారు

2024 ఫిబ్రవరిలో మా కాలేజీ వార్షికోత్సవం. విద్యార్థులు పద్యనాటకం వేస్తున్నారు. మాలో కొందరికి ఒకప్పుడు పద్యం చదవడం నేర్పి, కాలం చేసిన మాస్టారిని నాటకానికి ముందు తలుచుకోవాలనుకున్నాము. ఆయన ఫొటోలూ, చేతివ్రాతలో ఉన్న ఒక పద్యమూ తెరమీద చూపించే భారం నామీద పడింది. మాస్టారి భార్య ముందువరసలో కూర్చున్నారు.

దీపాలు ఆర్పారు. మాస్టారు తెరమీద ప్రత్యక్షమయ్యారు. హాలంతా గొల్లుమంది! బక్కపలచని మనిషి కాస్తా బుగ్గలు పూరించి వస్తాదులా నిలబడ్డారు. ఇక పద్యమంటారా, ఒత్తేదో దీర్ఘమేదో తెలియకుండా అలికినట్లుంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "మీ మాస్టారు ఇంత లావు ఎన్నడూ లేరు, నాయనా" అన్నారు మెల్లిగా. నాకు తల కొట్టేసినట్లయింది.

ప్రొజెక్టరు అద్దెకిచ్చినవారిని కేకలేద్దామని బయలుదేరాను. తీరా విచారిస్తే తప్పు నాదేనని తేలింది.

ముగ్గులు వేసే ఇల్లాళ్ళకు ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. 15 చుక్కల ముగ్గును 21 చుక్కలమీద లాగబోతే గీతలు కుదురుతాయా? ప్రొజెక్టరులో కూడా బొమ్మ ఏర్పడేది చుక్కలతోనే. వాటినే పిక్సెళ్ళు అంటారు. అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని అన్నది యంత్రం తయారైననాడే నిర్ణయమైపోతుంది. అది దాని నేటివ్ రిజల్యూషన్. మా క్లాసుగదిలో ఉన్న పాతదానికి అడ్డం 1024, నిలువు 768. ఆ కొలతకే నేను బొమ్మలన్నీ సిద్ధం చేశాను. అద్దెకు వచ్చినదేమో 1920కి 1080. మొదటిదానిలో అడ్డం 4 పాళ్ళయితే నిలువు 3. రెండోదానిలో 16కి 9. తెర నిండుగా ఉండాలని ఎవరో 'ఫుల్' మీట నొక్కారు. దానితో బొమ్మ అడ్డంగా మూడోవంతు సాగింది. మాస్టారు లావెక్కిన రహస్యం అదీ!

పద్యం కథ వేరు. అది ఫోనుల్లో చేతులు మారి మారి, నా దగ్గరకు వచ్చేసరికి 600 చుక్కల వెడల్పుకు చిక్కిపోయింది. దాన్ని మూడింతలకు పైగా పెంచితే అక్షరం అలుక్కుపోక ఏమవుతుంది? లేని చుక్కలను యంత్రం ఊహించి పూరిస్తుందేగాని, పోయిన ఒత్తును తెచ్చిపెట్టలేదు.

పోనీ, ఎంత పెద్ద బొమ్మ ఇస్తే అంత మంచిదా? అదీ కాదు. 4000 చుక్కల బొమ్మను 1920లో ఇరికిస్తే సన్నని గీతలు మాసిపోవచ్చు. వీడియోతో ఇంకో చిక్కు. ఫోర్‌కే వీడియోలో చుక్కలు 3840కి 2160, అంటే నాలుగింతలు. పాత కంప్యూటరు ఆ బరువు మోయలేక ఆగి ఆగి నడుస్తుంది. పాట ముందుకు పోతే పెదవులు వెనకబడతాయి. అంచేత ప్రొజెక్టరు కొలతకే వీడియోను తగ్గించి ఉంచుకోవాలి.

పెట్టెమీద 'సపోర్టు' అని వ్రాసిన పెద్ద అంకెలు చూసి మోసపోకండి. అది యంత్రం పుచ్చుకోగలిగిన కొలతే గాని, తెరమీద చూపే కొలత కాదు. నేటివ్ ఎంతో అడిగి తెలుసుకుని, కంప్యూటరునూ అదే కొలతకు పెట్టండి. పాళ్ళు కుదరకపోతే సాగదీయకుండా ఇరుపక్కలా నల్లగా వదలండి. ప్రొజెక్టరును తెరకు తిన్నగా ఎదురుగా నిలపండి. వంకరగా పెట్టి 'కీస్టోన్' మీటతో సరిదిద్దితే కొన్ని చుక్కలు వృథా అవుతాయి, అక్షరాలు మసకబారతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ముందురోజే ఆ హాలులో, ఆ యంత్రంతోనే ఒకసారి వేసి, వెనకవరసలో కూర్చుని చూసుకోవడం. నేను చేయనిది అదే.

విరామంలో ఒక విద్యార్థి వచ్చి మీట మార్చాడు. ఫొటోలు మళ్ళీ వేశాము. ఇరుపక్కలా నల్లని పట్టీలు, నడుమ మా బక్కపలచని మాస్టారు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని చూశారు. "ఇప్పుడు వచ్చారు" అన్నారు.

పద్యం మాత్రం ఆ రాత్రికి బాగుపడలేదు. నోటికి వచ్చినవాళ్ళం నలుగురం వేదిక ఎక్కి చదివాము.