కరెంటు పోయినా మరిచిపోని మెమరీ

కరెంటు పోతే సేవ్ చెయ్యని పని ఎందుకు పోతుంది?

సేవ్ చెయ్యని పని ర్యామ్ అనే మెమరీలో ఉంటుంది. అందులో ఒక్కో బిట్‌నూ, అంటే సున్నానో ఒకటినో, ఒక బుల్లి కెపాసిటర్‌లో విద్యుదావేశంగా దాస్తారు. చిల్లుకుండలో నీళ్లలా ఆ ఆవేశం కారిపోతూనే ఉంటుంది. అందుకే సాధారణంగా 64 మిల్లీసెకన్లకోసారి ప్రతి బిట్‌నూ చదివి, మళ్లీ నింపుతారు. కరెంటు లేకపోతే నింపే దిక్కు లేదు.

పెన్‌డ్రైవ్‌లో పోదు కదా?

పోదు. అందులోని ఫ్లాష్ మెమరీ, ఎలక్ట్రాన్లను ఇన్సులేటర్ గోడల మధ్య బంధిస్తుంది. కానీ వాటిని లోపలికి తోయాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి, సమయమూ పడుతుంది. రాసి చెరిపేకొద్దీ ఆ గోడలు దెబ్బతింటాయి. ర్యామ్‌లా క్షణక్షణం రాయడానికి అది పనికిరాదు.

మరి కరెంటు పోయినా మరిచిపోకుండా, ర్యామ్‌లా వేగంగా రాయగలిగే మెమరీకి అయస్కాంతం ఎలా పనికొస్తుంది?

అయస్కాంతానికి తన దిశను నిలుపుకోవడానికి కరెంటు అక్కర్లేదు. ఈ గుణంతో పనిచేసే మెమరీయే ఎమ్‌ర్యామ్. దాని ఒక్కో బిట్‌లో రెండు అయస్కాంత పొరలు, వాటి మధ్య సుమారు ఒక నానోమీటరు మందంలో మెగ్నీషియం ఆక్సైడ్ ఉంటాయి. ఒక పొర దిశ మారదు, రెండోదాన్ని తిప్పవచ్చు. రెండూ ఒకే దిశలో ఉంటే ఎలక్ట్రాన్లు ఆక్సైడ్‌ను తేలిగ్గా దాటుతాయి. ఎదురెదురుగా ఉంటే నిరోధం పెరుగుతుంది. ఆ తేడాయే సున్నా, ఒకటి. గది ఉష్ణోగ్రత దగ్గర ఈ తేడాను స్పష్టంగా చూపింది 1995లో: అమెరికాలోని ఎంఐటీలో జగదీశ్ మూడెర బృందం, జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో మియజాకి బృందం. అప్పటి ఆక్సైడ్ అల్యూమినియంది. 2004లో స్టువర్ట్ పార్కిన్, షింజి యువాసా బృందాలు మెగ్నీషియం ఆక్సైడ్‌తో ఆ తేడాను ఎన్నో రెట్లు పెంచాయి.

చదవడం సరే, రాయడం ఎలా?

నాకు అన్నిటికంటే అబ్బురమనిపించేది ఇదే. మొదట్లో పక్కన తీగలు వేసి, వాటిలోని కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రంతో పొరను తిప్పేవారు. బిట్ చిన్నదయ్యేకొద్దీ దాన్ని తిప్పడానికి ఇంకా బలమైన క్షేత్రం కావాలి. ఆ తాకిడికి పక్క బిట్లూ చెదిరే ప్రమాదం. 1996లో స్లోంచెవ్‌స్కీ, బెర్జర్ విడివిడిగా ఇంకో దారి చెప్పారు. ఎలక్ట్రాన్‌కు స్పిన్ అనే గుణం ఉంది. మారని పొర గుండా వచ్చే ఎలక్ట్రాన్ల స్పిన్లు ఎక్కువగా ఒకే వైపుకు మళ్లుతాయి. అవి రెండో పొరలోకి చేరి దాన్ని మెలిపెట్టి తిప్పగలవు. వేరే క్షేత్రమేదీ అక్కర్లేదు, ఆ బిట్‌లోంచి పారే కరెంటు చాలు.

మరి మన ల్యాప్‌టాప్‌లో ర్యామ్ బదులు ఇదే ఎందుకు లేదు?

రాసినది పదేళ్లు చెదరకుండా ఉండాలంటే తిరిగే పొర మొండిగా ఉండాలి. మొండిదాన్ని తిప్పాలంటే ఎక్కువ కరెంటు కావాలి, అది పదేపదే ఆ పలుచని ఆక్సైడ్ గుండా పారితే ఆక్సైడ్ దెబ్బతింటుంది. మొండితనం తగ్గిస్తే వేడికే బిట్ తిరగబడుతుంది. ధరలోనూ, ఒకే చోట కూర్చగల బిట్ల సంఖ్యలోనూ ర్యామ్‌దే పైచేయి. అందుకే ఇది కుదురుకున్న చోట్లలో ఒకటి మైక్రోకంట్రోలర్ల వంటి చిన్న చిప్‌లు, అక్కడ ఫ్లాష్ స్థానంలో. శామ్‌సంగ్ 2019లో 28 నానోమీటర్ల తయారీ పద్ధతితో చేసిన అలాంటి చిప్‌లను మార్కెట్లోకి పంపింది.

ఆక్సైడ్‌ను కాపాడే మార్గమూ తయారవుతోంది: రాసే కరెంటును దాని గుండా పంపకుండా, కింద టంగ్‌స్టన్ లాంటి బరువైన లోహపు పట్టీలో పారించడం. ఆ లోహంలో పక్కకు మళ్లిన స్పిన్లే పై పొరను తిప్పుతాయి. రాయడం వేగంగా జరుగుతుంది, ఆక్సైడ్‌కు హాని తగ్గుతుంది. కాకపోతే చదవడానికీ రాయడానికీ వేర్వేరు దారులు కాబట్టి, సాధారణంగా ఒక్కో బిట్‌కు రెండు ట్రాన్సిస్టర్లు కావాలి. వాటికి పట్టే స్థలాన్ని ఎలా కుదించాలన్నది ఇప్పుడు ఇంజనీర్ల ముందున్న పెద్ద చిక్కుల్లో ఒకటి.