డైపరు మానే వేళ.. బుజ్జాయే చెబుతుంది!

ప్లేహోమ్ తేదీ చూసి తొందరపడొద్దు.. పిల్లల సైగలు గమనించండి

బెంగళూరు: జూన్ దగ్గర పడుతోందంటే చాలు.. రెండు, రెండున్నరేళ్ల పిల్లలున్న ఇళ్లలో హడావుడి మొదలవుతుంది. ప్లేహోమ్‌లో సీటు దొరికింది. ఫీజూ కట్టేశారు. 'డైపరు మాన్పించి పంపండి' అని అక్కడి టీచరు చెప్పడంతో అమ్మానాన్నలకు గుబులు పట్టుకుంటుంది. పదిహేను రోజుల్లో ఎలాగైనా నేర్పించేయాలని బుజ్జాయిని గంటకోసారి బాత్‌రూముకు తీసుకెళతారు. వాడు అక్కడ కూర్చున్నంతసేపూ ఏమీ చేయడు. లేచొచ్చి హాల్లో కానిచ్చేస్తాడు! అమ్మకు కోపం.. వాడికి ఏడుపు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వంటి చోట్ల భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే తెలుగిళ్లలో ఇది బాగా తెలిసిన తంటానే. ప్లేహోమ్ తెరిచే తేదీ చూసి మొదలుపెట్టడమే ఇక్కడ చిక్కు. బుజ్జాయి సిద్ధంగా ఉన్నాడా లేదా అన్నది వాడి నడవడికే చెబుతుంది.

అమ్మమ్మ మాట.. డాక్టరు మాట

'నీకు ఏడాది నిండేసరికే అలవాటైపోయిందే. వీడికి రెండున్నరేళ్లొచ్చినా ఈ డైపర్లేమిటే?'.. హిందూపురం నుంచో, చిత్తూరు నుంచో మనవణ్ని చూడటానికొచ్చిన అమ్మమ్మ అనే మాట ఇది. ఆమె చెప్పేదాంట్లో అబద్ధమేమీ లేదు. నేల మీద కాళ్లు చాపుకొని, పాదాల మీద పాపను కూర్చోబెట్టి, 'స్‌స్‌..' అంటూ అలవాటు చేయడం మన ఊళ్లలో తరతరాలుగా ఉన్నదే. నిద్ర లేవగానే, పాలు తాగాక సమయం చూసి కూర్చోబెట్టేవారు. వియత్నాంలో తల్లులు ఈలలాంటి శబ్దం చేస్తూ అలవాటు చేస్తారనీ, తొమ్మిది నెలలకే పిల్లలు పాటీ వాడుతున్నారనీ 2013లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది.

అయితే ఈ పద్ధతిలో వేళ కనిపెట్టేది పెద్దవాళ్లు. రోజంతా బిడ్డ వెంటే ఒకరుండాలి. పొద్దున్నే ఆయాకు అప్పగించి ఆఫీసు క్యాబ్ ఎక్కే ఇంట్లో అది కష్టం. 'వస్తోంది' అని తనకు తెలియడం, కాసేపు ఆపుకోవడం, చెప్పడం, నడిచి వెళ్లి చెడ్డీ విప్పుకోవడం.. ఇవన్నీ బిడ్డకే రావాలంటే నరాలు, కండరాలు, మాట మూడూ ఎదగాలి. చాలామందిలో ఇది ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య జరుగుతుంది.

పిల్లలు సిద్ధమయ్యాకే నేర్పాలన్న పద్ధతికి అమెరికా పిల్లల వైద్యుడు టి.బెర్రీ బ్రాజెల్టన్ 1962లో ప్రచురించిన వ్యాసం పునాది వేసింది. ఆయన 1,170 మంది పిల్లల వివరాలు పరిశీలించారు. పగటిపూట అలవాటు పూర్తిగా కుదిరేసరికి సగటున 28 నెలలు దాటింది. రోజుకు మూడుసార్లకు మించి అడుగుతూ పట్టుగా నేర్పడాన్ని 27 నెలలకు ముందే మొదలుపెట్టినా పెద్దగా కలిసిరాలేదని 2003లో మరో అమెరికా అధ్యయనం తేల్చింది.

ఈ సైగలు కనిపిస్తున్నాయా?

* కనీసం రెండు గంటలపాటు డైపరు పొడిగా ఉంటోంది. లేదా మధ్యాహ్నం నిద్ర లేచాక తడి లేదు.

* రెండుకు వెళ్లే వేళ ఇంచుమించు రోజూ ఒకటే.

* ఆడుతూ ఆడుతూ ఆగిపోతాడు. కర్టెన్ వెనక్కో, సోఫా పక్కకో వెళ్లి నక్కుతాడు. మొహం ఎర్రబడుతుంది. లోపల ఏం జరుగుతోందో వాడికి తెలుస్తోందన్నమాట.

* తడిసిన డైపరును లాగుతాడు, తీసేయమంటాడు.

* ఆసరా లేకుండా కూర్చుని లేస్తాడు. చెడ్డీ కిందికి లాక్కోగలడు.

* 'బంతి తెచ్చి డబ్బాలో వెయ్యి నాన్నా' లాంటి రెండు పనులు కలిపి చెప్పినా అర్థం చేసుకుంటాడు.

* పెద్దవాళ్లు బాత్‌రూముకు వెళితే వెనకే వస్తాడు. 'నేనే చేస్తా' అంటాడు.

అన్నీ ఒకేసారి కనిపించాలని లేదు. చాలావరకు కనిపిస్తుంటే మొదలుపెట్టొచ్చు. ఆడపిల్లలు మగపిల్లల కంటే కాస్త ముందే నేర్చుకోవడం మామూలే. అలాగని పక్క ఫ్లాట్ పాపతో పోల్చడం తగదు.

ఏ మాటతో చెప్పాలి?

బెంగళూరు తెలుగు పిల్లలకు ఇదో ప్రత్యేకమైన ఇబ్బంది. ఇంట్లో తెలుగు, ఆయాతో కన్నడ, ప్లేహోమ్‌లో ఇంగ్లిష్. అమ్మ 'ఒంటికి' అంటుంది. ఆయా 'ఒందక్కె' అంటుంది. టీచరేమో 'సుసు' అంటుంది. అప్పుడప్పుడే మాటలొస్తున్న బిడ్డ ఏ మాట ఎవరితో అనాలి? ఇంట్లో చక్కగా చెప్పే పిల్లలు కొందరు ప్లేహోమ్‌లో తడిపేసుకోవడానికి ఇదీ ఓ కారణం కావచ్చు. తెలియక కాదు.. చెప్పినా అక్కడివారికి అర్థం కాక!

దీనికి మందు తేలికే. ఒకే మాట ఎంచుకోండి. 'కక్క' రెండు భాషల్లోనూ ఉంది. మన 'ఉచ్చ' కన్నడలో 'ఉచ్చె'. అంత తేడా ఏమీ లేదు. మీ బిడ్డ వాడే మాటను ఆయాకూ, టీచరుకూ ముందే చెప్పండి. మాట రాని పిల్లలు చేసే సైగ ఏదైనా ఉంటే అదీ చూపించండి.

ఇప్పుడు వద్దు!

ఇంట్లో తమ్ముడో చెల్లో పుట్టిన కొత్తలో, ఇల్లు మారినప్పుడు, ఆయా మారినప్పుడు, జ్వరం, విరేచనాల వేళ కొత్త అలవాటు మొదలుపెట్టకండి. పండక్కి ఊరెళ్లే ముందు వారం కూడా మంచి సమయం కాదు. ఫ్లాట్‌లో కమోడ్‌కు అలవాటు పడుతున్న బిడ్డ, ఊళ్లో గొంతుక్కూర్చునే దొడ్డిని చూసి బెదిరిపోవచ్చు. పాటీ మీద కూర్చోబెట్టగానే విల్లులా వెనక్కి వంగి ఏడుస్తుంటే కొన్ని వారాలు, అవసరమైతే రెండు మూడు నెలలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. మార్చి నుంచి మే దాకా ఎండాకాలం కాస్త అనుకూలం. పల్చటి చెడ్డీతో సరిపెట్టొచ్చు, తడిసిన బట్టలు త్వరగా ఆరతాయి.

ఇలా మొదలుపెట్టండి

మొదట్లో బట్టలతోనే పాటీ మీద కూర్చోనివ్వండి. భయం పోతుంది. తర్వాత పొద్దున లేవగానే, భోజనమయ్యాక ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. కడుపులో తిండి పడగానే పేగులు కదులుతాయి కాబట్టి అప్పుడు వచ్చే అవకాశం ఎక్కువ. పెద్దల కమోడ్ వాడితే పైన చిన్న సీటు వేసి, కాళ్ల కింద పీట పెట్టండి. కాళ్లు గాల్లో వేలాడితే ముక్కడం కష్టం. ఫ్లష్ శబ్దానికి భయపడే పిల్లలుంటారు. వాళ్లు బయటికొచ్చాకే నొక్కండి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి కడగాలి. చేతులు సబ్బుతో కడుక్కోవడం కూడా ఇందులో భాగమే.

కొట్టినా, నలుగురిలో సిగ్గుపడేలా మాట్లాడినా పిల్లలు ఆపేసుకోవడం నేర్చుకుంటారు. అసలు ప్రమాదం ఇదే. ఆపుకొన్నకొద్దీ మలం గట్టిపడుతుంది. వెళ్లినప్పుడు నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి భయపడి మరింత ఆపుకొంటారు. కొన్ని వారాలకే ఇది మొండి మలబద్ధకంగా మారొచ్చు. అలాంటప్పుడు పాటీ సంగతి పక్కన పెట్టండి. నీళ్లు, పండ్లు, కూరగాయలు పెంచండి. అవసరమైతే డాక్టరుకు చూపించి ముందు మలబద్ధకం తగ్గించాలి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

రాత్రి పక్క తడపడం వేరే సంగతి. పగలు అలవాటైన చాలాకాలానికి గానీ అది మానరు. ఐదేళ్ల పిల్లల్లోనూ నూటికి పదిహేను మంది దాకా పక్క తడుపుతారు. కంగారు అక్కర్లేదు. అయితే మూత్రానికి వెళ్లేటప్పుడు ఏడుస్తున్నా, సన్నటి ధారగా బొట్లు బొట్లుగా వస్తున్నా, మలంలో రక్తం పడినా, నాలుగేళ్లు నిండినా పగలు అలవాటు కాకపోయినా వైద్యుణ్ని కలవాలి. చక్కగా అలవాటైన బిడ్డ మళ్లీ తడుపుతూ, నీళ్లు విపరీతంగా తాగుతుంటే మాత్రం వెంటనే మధుమేహ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ వైద్యం కావాలనుకునేవారికి నగరంలో వాణివిలాస్ ఆసుపత్రి, ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ ఉన్నాయి.

ప్లేహోమ్ తెరిచేనాటికి అలవాటు పూర్తి కాకపోతే ఆ మాటే టీచరుకు చెప్పేయండి. సంచిలో రెండు మూడు జతల చెడ్డీలు, తడి బట్టలకు ఓ కవరు పెట్టి పంపండి. కొత్త చోటు, కొత్త మనుషుల మధ్య మొదటి వారాల్లో అన్నీ వచ్చిన పిల్లలు కూడా తడుపుకొంటారు. పిల్లలను చేర్చే ముందే 'ఇలాంటప్పుడు మీరేం చేస్తారు?' అని ప్లేహోమ్‌ వారిని అడగండి. కసురుకోకుండా బట్టలు మార్చే చోటైతే నిశ్చింతగా పంపొచ్చు.