ఊరికి తీసుకెళ్లే ల్యాప్‌టాప్ సన్నగా ఉంటే సరిపోదు

ఇంటికి పోయే ముందు కార్మికులు నన్ను అడిగే వాటిలో జీతం బకాయి, గ్రాట్యుటీ తర్వాత ఇదొకటి: "అన్నా, బిడ్డ ఇంజనీరింగ్‌ల చేరింది. తేలికైన ల్యాప్‌టాప్ ఏది కొనాలె?" నేను కంప్యూటర్ చదువు చదివినోణ్ని కాను. కానీ కొని మోసపోయిన వాళ్లను చూశాను, నేనూ ఒకసారి మోసపోయాను. నెలల తరబడి చేసిన ఓవర్‌టైం డబ్బు అలా పోతే ఎట్లుంటదో మీకు చెప్పక్కర్లేదు.

ముందు బరువు సంగతి. 13 లేదా 14 అంగుళాల తెర, 1.4 కిలోల లోపు బరువు ఉంటే రోజూ బస్సెక్కే పిల్లకు హాయిగా ఉంటుంది. కిలో లోపు మోడళ్లూ ఉన్నాయి, ధర మాత్రం బాగా పెరుగుతుంది. ఆ నాలుగు వందల గ్రాముల కోసం ఒక నెల జీతం పెట్టకండి. షాపులో ల్యాప్‌టాప్ ఒక్కటే చేతికిస్తారు, చార్జర్ కూడా అడిగి పట్టుకుని చూడండి. టైప్-సి చార్జింగ్ ఉన్నదైతే 45 లేదా 65 వాట్ల చిన్న చార్జర్‌తో పని అయిపోతుంది, పాడైతే మన దగ్గరా దొరుకుతుంది. దుబాయ్‌లో ఇచ్చే మూడు చదును పిన్నుల ప్లగ్ మన సాకెట్‌లో పట్టదు, ఇంకో ప్లగ్ కావాలి.

అసలు దెబ్బ తగిలేది లోపల. సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. ఇవాళ 8 జీబీ తీసుకుని రేపు పెంచుకుందామంటే కుదరదు. ఇంజనీరింగ్ పిల్లలకైతే 16 జీబీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ మొదటే తీసుకోండి. చవగ్గా వస్తుందని 64 జీబీ ఈఎంఎంసీ ఉన్నది కొంటే విండోస్‌కే సగం నిండుతుంది. నాలుగు అప్‌డేట్లు వచ్చాక ఫొటో దాచుకోవడానికి కూడా చోటుండదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఒక మాట. నేను కొన్నది చూడ్డానికి కొత్తదానిలాగే ఉంది. రూముకొచ్చి మొత్తం తుడిచి మళ్లీ విండోస్ ఎక్కిస్తే, ఏదో కంపెనీ పేరు తెర మీదికొచ్చి ఆ కంపెనీ లాగిన్ అడిగింది. కంపెనీ ఆస్తి అది. అమ్మినోడు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. అందుకే డబ్బు ఇవ్వకముందే రీసెట్ చేయించి, మీ సొంత ఖాతాతో తెరిచి చూడండి. విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంటెల్ అయితే 8వ తరం కంటే పాతది వద్దు, విండోస్ 11కి పనికిరాదు. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో అక్కడే అరగంట కూర్చుని చూడండి. ఊళ్లో కరెంటు పోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

కొత్తదైతే వారంటీ ఇండియాలో చెల్లుతుందా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. కొన్ని మోడళ్లకు కొన్న దేశంలోనే చెల్లుతుంది. కీల మీద అరబిక్ అక్షరాలున్నా భయం లేదు, ఇంగ్లీషు మామూలుగానే పడుతుంది.

ఇక విమానం. ల్యాప్‌టాప్‌ను చెకిన్ పెట్టెలో వేయకండి, చేతి సంచిలో పెట్టుకోండి. బ్యాటరీ 100 వాట్-అవర్ల లోపుంటే ఇబ్బంది లేదు, సన్నటివి దాదాపు అన్నీ అంతకు లోపే. చేతి సంచికి చాలా విమానాల్లో 7 కిలోలే అని గుర్తుంచుకోండి. ఖర్జూరం, చాక్లెట్లు కూడా అందులోనే కదా! ఇండియా కస్టమ్స్ నిబంధన ప్రకారం 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. స్నేహితుడిది కూడా మీరే మోసుకెళ్తే రెండోది ఆ మినహాయింపులోకి రాదు. కార్టన్ పారేసినా ఫర్వాలేదు గానీ, బిల్లు మాత్రం పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోండి, ఒక ఫొటో తీసి ఇంటికి వాట్సాప్ చేయండి.