పికప్ బండి కొనువారికి మెలకువలు: దారిచూపు యంత్రమును, పైతరగతి హంగులును

అల్వాలు ప్రాంతమున కూరగాయలు పండించు సంఘసభ్యు లొకరు మొన్న నాయొద్దకు వచ్చి, ధరల పట్టీ నొకదానిని నా ముందు పఱచి, "అయ్యా, బండి యొక్కటే; ధరలు మాత్రము నాలుగు వ్రాసియున్నవి. మా పెద్దవాడు దారి చూపు తెర యున్న టాపు మోడలే కావలె ననుచున్నాడు. అప్పు తీర్చవలసినవాడను నేను. ఏది కొనుమందురు?" అని యడిగిరి. ఈ ప్రశ్న ఆయన యొక్కరిదే కాదు. బోయినపల్లి మార్కెటునకో, అల్వాలు రైతుబజారునకో సరకు తోలుటకు బాడుగబండ్లను నమ్ముకొని విసిగి, సొంత పికప్ కొనదలచిన రైతుల కందఱకును ఈ చిక్కు కలుగుచునే యున్నది. కావున ఆయనకు చెప్పిన మాటలనే తక్కిన సభ్యులకును విన్నవించుచున్నాను.

ఒకే బండికి నాలుగు ధరలేల?

అమ్మకపుదారులు బేసు మోడలనియు, టాపు మోడలనియు పిలుచు తరగతులలో తఱచుగా ఇంజనును చట్రమును ఒక్కటియే యుండును. ధరలోని తేడా పైకి చేర్చిన సౌకర్యములవలన వచ్చును. ఆ సౌకర్యములు మూడు విధములు. సరకును ప్రాణమును కాపాడునవి మొదటివి: మంచి బ్రేకులు, ఎయిర్‌బ్యాగు, గట్టి టైర్లు మొదలగునవి. డ్రైవరు యొడలికి శ్రమ తగ్గించునవి రెండవవి: పవరు స్టీరింగు, ఏసీ, సరియైన సీటు. కన్నుల పండువునకును సరదాకును ఏర్పడినవి మూడవవి: మెఱుగుపట్టీలు, రంగు అద్దములు, పాటల పెట్టె, పెద్ద తెర. ధరల పట్టీలో ఈ మూడును కలగాపులగముగా నుండును. కొనువాడు వానిని వేఱుచేసి చూచుకొనవలెను.

ఇందు కొక సూత్రము కలదు. తరువాత చేర్చుకొన వీలులేనిదానిని ముందే యడిగి తీసికొనవలెను. తరువాతనైనను తక్కువ సొమ్ముతో చేర్చుకొనదగినదానికై అప్పు చేయరాదు. పవరు స్టీరింగు లేని బండికి దానిని పిమ్మట అమర్చుట చిక్కైన పని. ఎయిర్‌బ్యాగు సంగతి చెప్పనే యక్కఱలేదు. సీటు గుడ్డయు, పాటల పెట్టెయు ఏ నాడైనను వేయించుకొనవచ్చును.

దారిచూపు యంత్రము పనిచేయు విధము

ఇక నావిగేషన్ అను దారిచూపు యంత్రమును గూర్చి చెప్పెదను. దీనికై సొమ్ము పెట్టుటకు ముందు ఇది యెట్లు పనిచేయునో తెలిసికొనుట మంచిది.

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున అమెరికావారి జీపీఎస్ ఉపగ్రహములు తిరుగుచున్నవి. ప్రతి ఉపగ్రహమును తానున్న చోటును, తన గడియారములోని వేళను ఎడతెగక ప్రకటించుచుండును. ఆ వార్త సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో మనకు చేరును. చేరుటకు పట్టిన కాలమునుబట్టి బండిలోని యంత్రము తనకును ఉపగ్రహమునకును గల దూరమును లెక్కించును. ఇట్లు కనీసము నాలుగు ఉపగ్రహముల వార్తలు అందినచో, తానున్న చోటు దానికి తేటపడును. పొలముగట్టు తగవులో రెండు హద్దురాళ్లనుండి గొలుసు పట్టి, పోయిన మూడవ రాతి చోటును కనుగొనుట మన మెఱుగుదుము గదా. ఇదియు నట్టి కొలతయే.

2000వ సంవత్సరము మే నెలవఱకు అమెరికా ప్రభుత్వము సామాన్యుల కందు వార్తలో కావలెననియే కొంత తప్పు కలుపుచుండెను. అప్పుడు దానిని మానివేసెను. మన దేశమువారును నావిక్ అను సొంత యేర్పాటును పూని, దాని మొదటి ఉపగ్రహమును 2013 జూలై 1వ తేదీన శ్రీహరికోటనుండి పంపిరి.

ఇందు రైతు గమనింపదగిన దేమనగా, ఆకాశమునుండి వచ్చు ఈ వార్తకు రుసుము లేదు. ఇంటర్నెట్టు లేకున్నను అది యందును. టాపు మోడలు తెరకును, జేబులోని ఫోనునకును వార్త పంపు ఉపగ్రహములు వేఱు కావు. మనము సొమ్ము పెట్టునది చోటు తెలిసికొనుటకు గాదు. ఆ చోటును చూపు పటమునకును, తెరకును మాత్రమే.

పటము పాతబడును

బండి పదేండ్లు నడచును. పటము అంతకాలము నిలువదు. మన యూరినే చూడుడు. సికింద్రాబాదు ప్యారడైజు కూడలినుండి అల్వాలు మీదుగా శామీరుపేట వద్ద ఔటరు రింగురోడ్డువఱకు ఎత్తుదారి నిర్మించుటకు 2024 మార్చి నెలలో శంకుస్థాపన జరిగినది. ఇట్టి పని సాగునంతకాలము దారులు మళ్లింపబడుచుండును. ముగిసిన పిమ్మట ఎక్కు దిగు చోట్లే మాఱిపోవును. కంటోన్మెంటు రోడ్ల సంగతియు నిట్టిదే. సైనికాధికారులు మూసిన రోడ్లను తెఱువవలసినదని 2018లో రక్షణశాఖవా రాజ్ఞాపించిరి. పిమ్మటను కొన్ని రోడ్లు తెఱచుట, కొన్ని మూయుట మనము చూచితిమి. కర్మాగారమున బిగించిన పటమును ఎవరైనను సరిదిద్దుచుండనియెడల, అది మూసిన గేటువఱకు మనలను తీసికొనిపోయి నిలువబెట్టును. తెల్లవాఱక ముందే మార్కెటు చేరవలసిన ఆకుకూరకు ఆ యరగంటయే ధర తగ్గించును.

మఱియొక లోపమును కలదు. తఱచుగా వాడు పటములు కార్లను దృష్టిలో నుంచుకొని చేసినవి. నగరమున కొన్ని రోడ్లలో కొన్ని వేళల సరకుబండ్లకు ప్రవేశము లేదను సంగతిగాని, రైలువంతెన క్రింద మన పేర్చిన బుట్టలు పట్టునా లేదా యను సంగతిగాని వానికి తెలియదు. దగ్గఱ దారియని 158 కిలోమీటర్ల ఔటరు రింగురోడ్డులో నొక తునకమీదికి ఎక్కించి, టోలు కట్టించుటయు కలదు. నిత్యము పోవు బోయినపల్లి దారికి డ్రైవరు అనుభవమే యన్నిటికంటె మేలైన పటము.

ఫోను చాలునా?

సాధారణముగా చాలును. ఫోనులోని పటము ఎప్పటికప్పుడు క్రొత్తదగుచుండును. ఇంటివద్దనే ఆ జిల్లా పటమును ముందుగా దింపి యుంచుకొన్నచో, సంకేతము లేని చోటను దారి చూపును. చట్టమునుగూర్చి కొందఱకు సందేహము కలదు. బండి నడుపుచు ఫోను వాడుట నేరమే. అయినను డ్రైవరు ధ్యానము చెదరని రీతిగా, దారి చూచుకొనుటకు మాత్రమే వాడవచ్చునని 2020 అక్టోబరు 1వ తేదీనుండి కేంద్ర మోటారువాహనముల నియమములలో చేర్చిరి. కావున ఫోనును చేత పట్టక, ముందుపలక మీద గట్టి పట్టులో బిగించి, బయలుదేఱుటకు ముందే ఊరిపేరు వ్రాసికొని, మాటవినికిడితో నడుపుట యుక్తము.

అట్లని కర్మాగారపు యంత్రము నిష్ప్రయోజన మనరాదు. మన సరకును నాగపూరునకో, ఎఱుగని ఇతర మార్కెట్లకో తఱచుగా తోలువారికి పెద్ద తెర కంటికి శ్రమ తగ్గించును. అంతకంటె ముఖ్యముగా, పదిమంది సభ్యులు కలిసి కొన్న బండికి జాడ తెలుపు యేర్పాటు మిక్కిలి యుపయోగము. మహీంద్రావారు 2022లో విడుదల చేసిన బొలేరో మాక్స్ పికప్‌నందు ఐమాక్స్ అను నిట్టి యేర్పాటు కలదు. బండి యెక్కడ నున్నది, ఎంత దూరము తిరిగినది యను సంగతులు దానివలన ఫోనులోనే తెలియును. ఉమ్మడిసొత్తు విషయమున లెక్క తేటగా నున్నచోట అనుమానమునకును తగవునకును చోటుండదు.

అమర్పు తీసికొనదలచినవారు ఈ నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులను వ్రాతమూలముగా పుచ్చుకొనవలెను. పటమును ఎన్నేండ్లు ఉచితముగా సరిదిద్దుదురు? ఆ గడువు తీఱిన పిమ్మట ఏటి చందా యెంత? చందా కట్టనియెడల తెర ఏ పనులు మానును? దారి చెప్పుట తెలుగులో వినబడునా?

బరువు మొదట, తెర తరువాత

హంగుల మోజులో సరకుపెట్టె పొడవును మఱచువారు కలరు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారమే ఇందుకు తగిన తార్కాణము. అచ్చట తయారగు డి-మాక్స్ బండ్లలో ఒకటి సరకు మోయుటకే కట్టినది. వి-క్రాస్ అను నదియో ఐదుగురు కూర్చుండుటకు రెండు వరుసల గదియు, ముట్టినంతనే పనిచేయు తెరయు గలది. గది పెరిగినందున వెనుకపెట్టె పొట్టిదైనది. రెండును తమతమ పనులకు మంచివే. టమాటా బుట్టలు తోలువాడు రెండవదానిని కొన్నచో లోపము బండిది కాదు, ఎన్నికది.

బండియు సరకును కలిసిన మొత్తపు బరువు 3,000 కిలోలకు మించనియెడల మోటారువాహనముల చట్టము ప్రకారము పర్మిట్టు అక్కఱలేదు. కొన్ని పికప్‌లు ఈ హద్దునకు లోపలను, కొన్ని వెలుపలను ఉన్నవి. కాగితము చూచి తెలిసికొనవలెను. వ్రాసిన బరువునకు మించి యెక్కించినచో 20,000 రూపాయల జరిమానాయు, మించిన ప్రతి టన్నునకు 2,000 రూపాయలును విధింపబడును. కావున మనకు నిజముగా కావలసిన మోతకు తగిన బండిని ముందు నిర్ణయించి, పిమ్మటనే తరగతుల జోలికి పోవలెను.

ఏసీని విలాసమని కొట్టివేయరాదు. మొత్తపు బరువు 3,500 కిలోలు దాటిన క్రొత్త లారీలకు డ్రైవరు గదిలో ఏసీ యుండవలెనను నిబంధన 2025లో అమలునకు వచ్చినది. చిన్న పికప్‌లు ఆ నిబంధనలోనికి రావు. అడిగినవారికే యది దొరకును. మేనెల యెండలో ఖాళీబండితో తిరిగివచ్చు డ్రైవరుకు కునుకు పట్టినచో ఏమగునో చెప్పనేల? ఎయిర్‌బ్యాగు విషయముననుకూడ, కార్లకున్నది గనుక సరకుబండికిని ఉండునని తలంపక, ఏ తరగతిలో నున్నదో యడిగి చూడవలెను. ఇఱుకైన మార్కెటు ఆవరణలో వెనుకకు నడుపునపుడు కూలీలకు తగులకుండ కాపాడు వెనుకచూపు కెమెరాయు మేలైనదే.

బయట అమర్చుకొను వస్తువులనుగూర్చి రెండు జాగ్రత్తలు చెప్పెదను. తీగలు కోసి బిగించిన పరికరమువలన కంపెనీవారి పూచీకి భంగము కలుగవచ్చును; ముందు అడుగవలెను. బండి ధరలో చేరని విద్యుత్తు పరికరములను బీమా పత్రమున వేఱుగా వ్రాయించనియెడల, దొంగిలింపబడినపుడు వానికి పరిహారము రాదు.

ఒక చిన్న లెక్క

తెరయు మెఱుగులును గల తరగతికి 60,000 రూపాయలు ఎక్కువ యనుకొందము. ఆ సొమ్మును నూటికి 10 వడ్డీతో ఐదేండ్ల వాయిదాలకు తెచ్చినచో, నెలకు సుమారు 1,275 రూపాయల చొప్పున మొత్తము 76,500 రూపాయలు కట్టవలెను. నెలకు ఇరువది మార్లు మార్కెటునకు పోయినచో ఒక్కొక్క మారునకు సుమారు 64 రూపాయలు; మారునకు నలువది బుట్టలైనచో బుట్టకు రూపాయి అఱువది పైసలు. టమాటా ధర పడిపోయిన దినమునను ఈ భారము తప్పదు. బీమా లెక్కలో ఐదవ యేట బండి విలువను సగమునకు తగ్గింతురు. హంగులకు పెట్టినదియు దానితోడనే తగ్గును.

2025 సెప్టెంబరు 22వ తేదీనుండి సరకుబండ్లపై జీఎస్టీ నూటికి 28 నుండి 18కి తగ్గినది. ఆ మిగిలిన సొమ్ముతో టాపు మోడలు ఎక్కుమని యనువారు కలరు. ఆ మిగులుతో అప్పును తగ్గించుకొనుట, లేదా మంచి టార్పాలినును, అదనపు టైరును కొనుట రైతునకు లాభము.

మొదట చెప్పిన సభ్యులు తమ కుమారుని వెంటబెట్టుకొని మరల వచ్చిరి. నాలుగు తరగతులను కాగితముమీద మూడు వరుసలుగా వేఱుచేసి చూచితిమి. పవరు స్టీరింగు, ఏసీ, ఎయిర్‌బ్యాగు గల రెండవ తరగతిని తండ్రి యెంచెను. కుమారుడు కొంతసేపు మాటాడక యుండి, "అట్లయిన ఫోను పట్టు నేను కొందును నాయనా" అనెను. సభ్యులును బండి కొనుటకు ముందు ధరల పట్టీతో సంఘకార్యాలయమునకు వచ్చి, కార్యదర్శితో కూర్చుండి యీ లెక్క వేసికొందురు గాక. సంతకము చేసిన పిమ్మట వేయు లెక్కవలన ఫలము లేదు.