మన వరి ఆడ రైస్ ఎట్లయింది?

మా మేనల్లుడు జర్మనీల సదువుకుంటున్నడు. మొన్న యాసంగి కోతలప్పుడు ఫోన్ జేసి, "మామా, ఈడ గూడ బియ్యాన్ని రైస్ అనే అంటున్నరు. అది ఇంగ్లీషోళ్ల మాట ఒక్కటే అనుకున్న గదా" అన్నడు. అప్పటికి నేను మిర్యాలగూడ తొవ్వల ఒక మిల్లు ముంగట వడ్ల ట్రాక్టర్ల లైన్ల ఉన్న. వాడు అడిగింది చిన్న ముచ్చటే. కని పట్టుకొని పోతే మన పొలం దాక వచ్చింది.

జర్మనీల ఒక్కకాడనే గాదు. ఫ్రెంచోళ్లు 'రీ' అంటరు. ఇటలీల 'రీజో', రష్యాల 'రీస్'. స్పెయిన్, పోర్చుగల్ దిక్కు 'అరోజ్'. మాట ఒక్కటే, యాసలే వేరు. ఎందుకంటే వరి అక్కడ పుట్టిన పంట గాదు. బయటి నుంచి వచ్చిన గింజ, ఎంబడి తన పేరును గూడ తెచ్చుకున్నది. మనకాడికి టమాట, చాయ పేర్లతోనే వచ్చినట్టు.

ఆ పేరు నడిచిన తొవ్వ ఎనుకకు పోతే గిట్ల ఉంటది. ఈ మాటలన్నిటికి మూలం లాటిన్ల 'ఒరీజా'. లాటినోళ్లకు గ్రీకుల నుంచి వచ్చింది. క్రీ.పూ. 326ల అలెగ్జాండర్ పంజాబ్ దాక వచ్చిపోయినంక, అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ మొక్కల మీద రాసిన పుస్తకంల ఈ పంట ముచ్చట ఉన్నది. గ్రీకులకు ఇరాన్ దిక్కు భాషల నుంచి అందిందంటరు. ఇయ్యాల్టికీ ఫారసీల బియ్యాన్ని 'బెరెంజ్' అంటరు. దానికి సుట్టం సంస్కృతంల 'వ్రీహి'. స్పెయినోళ్ల 'అరోజ్' మాత్రం ఇంకో తొవ్వల, అరబ్బుల 'అర్‌రుజ్' నుంచి వచ్చింది.

ఇగ అసలు సంగతి. 'వ్రీహి' అనే మాట ఋగ్వేదంల లేదు, అథర్వవేదంల కనబడుతది. అంటే ఈ గింజను, పేరును వాళ్లు ఈ నేల మీద ఉన్నోళ్ల దగ్గర నేర్సుకున్నరని శానమంది పండితులు అంటరు. కొందరు దాన్ని మన 'వరి' ఉన్న ద్రావిడ కుటుంబం మాటే అంటరు. ఇంకొందరు, రెండూ అంతకంటె పాత భాష నుంచి వచ్చినయంటరు. పంచాయితి తెగలే. కని వరికి వ్రీహికి సుట్టరికం ఉన్నదనే దిక్కే ఎక్కువ మంది ఉన్నరు.

ఈడ ఒక ఆశకు నేను గూడ పడ్డ. సాగర్ నీళ్ల కింద మునిగిన విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. నాగార్జునకొండ తవ్వకాలల్ల రోమన్ బంగారు నాణేలు దొరికినయి. 'ఇంకేంది, మన వరి పేరు ఈన్నుంచే రోముకు పోయింది' అని మేనల్లునికి చెప్దామనుకున్న. లెక్క కుదరలే. ఇక్ష్వాకులు క్రీ.శ. 3, 4 శతాబ్దాలోళ్లు. గ్రీకులకు ఆ మాట అంతకు ఐదారు వందల ఏండ్ల ముందే తెలుసు. మనది అని చెప్పుకోవాల్నంటే ముందుగాల తారీఖు సూసుకోవాలె.

ఇంకో ముచ్చట. ఇంగ్లీషోళ్లకు పొలంల ఉన్నా, గిన్నెల ఉన్నా రైసే. పొట్టుతోని ఉన్న గింజకు పేరు లేక మలయ్ భాష నుంచి 'పాడీ' తెచ్చుకున్నరు. మనకు పొలంల వరి, కళ్లంల వడ్లు, దంచితె బియ్యం, ఇరిగితె నూకలు, రాలితె తౌడు, గింజ లేనిది తాలు, వండితె బువ్వ. 1967 ఆగస్టు 4 నాడు సాగర్ కాల్వలకు నీళ్లు ఇడిసినంక ఎడమ కాల్వ కింద వరి పెరిగింది. అంతకుముందు మా తాత కాలంల బువ్వంటే జొన్న బువ్వ. పండుగనాడు వండేదాన్ని 'వరిబువ్వ' అని యేరుజేసి చెప్పాలె.

ఈ మాటలు యేరుజేసుడు ఉత్త ముచ్చట గాదు, పైసల లెక్క. మనకాడ యాసంగి పంట ఎండల పండుతది. ఆ వడ్లను పచ్చిగ ఆడిస్తె నూకలైతయి. అందుకే నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం జేస్తరు. మిర్యాలగూడ మిల్లులకు పేరొచ్చింది దాంతోనే. ఉప్పుడు బియ్యం ఇగ తీసుకోమని కేంద్రం అన్నప్పుడు, లొల్లి 2022 ఏప్రిల్ల ఢిల్లీ ధర్నా దాక పోయింది. ఢిల్లీకి రెండూ రైసే. మన రైతుకు ఒకటి నూక, ఒకటి గింజ.

ఆ దినం మిల్లు కాడ నాకిచ్చిన చీటీ అంత ఇంగ్లీషే. తేమ 17 శాతం దాటొద్దని నాకు తెలుసు, దాటలే. అయినా కొన్ని కిలోలు కోసిన్రు. ఎందుకని అడిగితె గుమస్తా ఒక ఇంగ్లీషు అక్షరం మీద ఏలు పెట్టిండు. 'తాలు' అని రాసి ఉంటే, దోసిట్ల వడ్లు పోసి, ఊది, ఏడుందో సూపెట్టమందును. నా ఎనుక లైన్ల ఉన్న ముసలాయన, "నువ్వు సదువుకున్నోనివి, నీకే సమజ్ గాకపోతే మాదేం గావాలె బిడ్డా" అన్నడు.

మేనల్లునికి రాత్రి ఇదంత చెప్పిన. "అయితే మామా, మాట మనకాడికెళ్లి అంత దూరం పోయి, చీటీ మీద మనకే తెల్వకుంట వచ్చిందన్నట్టు" అన్నడు. సర్కారుకు నేను అడిగేది పెద్ద కోరికేం గాదు. కొనుగోలు కేంద్రంల, మిల్లు కాడ ఇచ్చే చీటీ మీద వడ్లు, తేమ, తాలు, తరుగు అని తెలుగుల రాయాలె. ఎన్ని కిలోలు కోసిన్రో, దేనికి కోసిన్రో రైతు సదివి అడగొస్తది.