ఢిల్లీ లేఖ: ఒక సీసాలో రెండు క్రిములు

రాజధానిలో లెక్కలకు ఎన్నడూ కొదవ లేదు. ధాన్యం నిల్వలకు, విదేశీ మారక ద్రవ్యానికి, ఓట్లకు లెక్కలున్నాయి. ఆస్పత్రిలో చేరిన తరువాత ఎందరు రోగుల రక్తంలో క్రిములు ప్రవేశిస్తున్నాయన్న లెక్క మాత్రం దేశానికి చాలాకాలం లేకపోయింది. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి అమెరికా సి.డి.సి. సహకారంతో ఆ లోటు తీర్చడానికి పూనుకున్నాయి. 2017 మే నుంచి 2018 అక్టోబరు వరకు 26 ఆస్పత్రులలోని 89 ఐ.సి.యు.లలో రక్తానికి ఇన్‌ఫెక్షన్ సోకిన ఉదంతాలు 2,622 నమోదైనాయి. అప్పుడే పుట్టిన శిశువుల విభాగాలలో ఈ బెడద హెచ్చు.

ఈ లెక్క ఎక్కడ పుడుతుందో చూడాలని నేను ఇక్కడి ఒక ఆస్పత్రి ప్రయోగశాలకు వెళ్లాను. రోగి రక్తం నింపిన సీసాలను యంత్రంలో వెచ్చగా ఉంచుతారు. క్రిమి పెరిగితే యంత్రం సంకేతమిస్తుంది. సాధారణంగా పెరిగేది ఒకే రకం. అప్పుడప్పుడు రెండు, మూడు రకాలు కలిసి బయటపడతాయి. చిక్కంతా అక్కడే ఉన్నది.

చిల్లిపడిన పేగు నుంచో, కాలిన గాయం నుంచో, రోజుల తరబడి రక్తనాళంలో ఉంచిన గొట్టం నుంచో అవి నిజంగానే రక్తంలో చేరి ఉండవచ్చు. లేదా, సూది గుచ్చే ముందు చర్మాన్ని సరిగా శుభ్రపరచనందున చర్మం మీది క్రిమి సీసాలో పడి ఉండవచ్చు. నిజమైన జంట క్రిములను కల్తీగా భావిస్తే ఒకదానికి మందు పడి, రెండవది రోగి ప్రాణం మీదికి తెస్తుంది. కల్తీని వ్యాధిగా భావిస్తే అక్కరలేని యాంటీబయాటిక్స్ వాడతారు. వాటికి లొంగని క్రిములు వార్డులో పెరుగుతాయి. లెక్క కూడా తప్పుతుంది. ఒకే ఇన్‌ఫెక్షన్‌లో రెండు క్రిములు కనిపిస్తే అది ఒకే ఉదంతం. పేర్లు మాత్రం రెండూ నమోదు కావాలి.

ఈ సందేహాన్ని చాలావరకు తీర్చే మార్గం సులువైనదే. రక్తాన్ని రెండు చోట్ల నుంచి విడివిడిగా తీయాలి. చర్మం మీది క్రిమి రెండు నమూనాలలోనూ కనిపిస్తేనే దానిని లెక్కలోకి తీసుకోవాలన్నది నిఘా నియమం. కాని నేనున్న గంటసేపట్లో వచ్చిన సీసాలలో అధికభాగం ఒంటరివే.

క్రిముల మీద నిఘా ఢిల్లీలో ప్రకటించే ప్రణాళికతో ఆరంభం కాదు. అర్ధరాత్రి వార్డులో రోగి చేయి పట్టుకున్న నర్సుతో ఆరంభమవుతుంది. రెండవ సీసా ఆమెకు అందుబాటులో ఉన్నదా? దానిని నింపేటంత వ్యవధి ఆమెకు ఉన్నదా? రాజధాని ముందుగా తేల్చవలసిన లెక్క అది.